చార్మినార్ గుమ్మంలో ఒక అక్షరం

చార్మినార్ గుమ్మంలో ఒక అక్షరం ఉంది. కట్టడం చుట్టూ తిరిగితే అది దొరకదు, పాత నిజాం వెండి రూపాయి మీద వెతకాలి. నాలుగు మినార్లు, మధ్యలో కమాను, ఆ కమాను కింద కాపలా నిలబడ్డట్టు ఒక చిన్న ఉర్దూ అక్షరం. అది ‘మీమ్’ అయితే ఆ రూపాయి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ది. ‘ఐన్’ అయితే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ది. 1911లో తండ్రి పోయి కొడుకు గద్దెనెక్కిన తొలినాళ్ల రూపాయల్లో ఆ ఐన్ కురచగా ఉంటుంది, తర్వాతి వాటిలో నిండుగా ఉంటుంది. నాణేలు సేకరించేవాళ్లు భూతద్దం పెట్టుకుని చూసేది ఈ తేడా కోసమే.

ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డ పాలకుడు తన రూపాయి మీద తన బొమ్మ వేయించుకోలేదు. ఊరి బొమ్మ వేయించి, దాని గుమ్మంలో ఒక్క అక్షరమై నిలబడ్డాడు. ఆ ఒక్క అక్షరానికి వందేళ్ల వెనకటి చరిత్ర ఉంది. అది మొదలైంది పాతబస్తీలోని సుల్తాన్‌షాహీలో.

పరాయి పేరుతో సొంత నాణెం

పూర్వం ఒక రాజ్యం ఎవరిదో తెలియాలంటే రెండు చోట్ల చూసేవారు: శుక్రవారం నమాజులో చదివే ఖుత్బాలో ఎవరి పేరు వినిపిస్తోంది, బజారులో తిరిగే నాణెం మీద ఎవరి పేరు ఉంది. గోల్కొండ సుల్తానులకు ఈ పరీక్ష 1636లో వచ్చింది. షాజహాన్ సైన్యాలు దక్కన్ మీదికి వచ్చినప్పుడు అబ్దుల్లా కుతుబ్‌షా లొంగుబాటు పత్రం రాసిచ్చాడు. ఖుత్బా షాజహాన్ పేరున చదవాలి, నాణెం షాజహాన్ పేరున వేయాలి. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు అబ్దుల్లా వేయించిన రాగి నాణేల మీద ‘శుభంగా, సౌభాగ్యంతో ముగిసింది’ అనే అర్థం వచ్చే అరబిక్ మాట కనిపిస్తుంది. ముగిసింది ఏమిటో నాణెం చెప్పదు. రాజ్యం గురించే ఆ నిట్టూర్పు అనుకునేవాళ్లున్నారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక హైదరాబాద్ మొఘల్ టంకశాలల జాబితాలో ఒకటైంది. ఆయన చిన్న కొడుకు కాంబక్ష్ ఇక్కడే దక్కన్ పాదుషానని ప్రకటించుకుని సొంత నాణెం వేయించాడు. 1709 జనవరిలో ఈ ఊరి శివార్లలోనే అన్న బహదూర్‌షా సైన్యంతో పోరాడి, ఆ గాయాలతో చనిపోయాడు. నాణేలు మాత్రం మిగిలాయి.

ఈ గుణపాఠం తర్వాత వచ్చిన నిజాం వంశం ఆసఫ్‌జాహీలకు బాగా వంటబట్టినట్టుంది. 1724 తర్వాత దక్కన్‌లో మొదటి నిజాం మాటే శాసనం, అయినా ఆయన నాణెం మీద తన పేరు వేసుకోలేదు. ఢిల్లీలో ఎవరు గద్దె మీదుంటే వాళ్ల పేరే. ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’ అని మాత్రం ఊరి పేరు కింద ఉండేది. ఢిల్లీ పాదుషా అధికారం ఎర్రకోట గోడ దాటని రోజుల్లో కూడా ఇక్కడి రూపాయి ఆయన పేరే పలికింది.

1803 ఆగస్టులో నిజాం అలీ ఖాన్ పోయి సికందర్ జా మూడో ఆసఫ్‌జాగా వచ్చాడు. ఆ ఏడే సుల్తాన్‌షాహీలో ప్రభుత్వ టంకశాల పెట్టించాడు. చార్మినార్ నుంచి మొఘల్‌పురా మీదుగా దక్షిణానికి నడిస్తే వచ్చే ఇరుకు బస్తీ అది. ఈనాటి భారత ప్రభుత్వ హైదరాబాద్ టంకశాల తన పుట్టుకను లెక్కగట్టుకునేది ఆ చోటి నుంచే. దేశంలో ఇవాళ నాలుగు టంకశాలలున్నాయి. కోల్‌కతా, ముంబై టంకశాలల మూలాలు ఈస్టిండియా కంపెనీ కాలానివి, నోయిడాది 1988 నాటిది. ఒక స్వదేశీ సంస్థానం కడుపున పుట్టి ఇంకా పనిచేస్తున్నది హైదరాబాద్‌ది ఒక్కటే.

సుల్తాన్‌షాహీ పని అంతా సుత్తి పని. వెండిని కరిగించి వన్నె చూసి, కడ్డీలుగా పోసి, ముక్కలుగా నరికి, తూచి, ఎక్కువైన చోట కత్తిరించి బరువు సరిచేసేవారు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో వెండి బిళ్ల. ఒక్క దెబ్బ. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుకే పాదుషా బిరుదులన్నీ ఏ రూపాయి మీదా పూర్తిగా పడవు. ఒకదాని మీద పేరు సగం తెగుతుంది, మరొకదాని మీద తేదీ ఎగిరిపోతుంది. ఈ గజిబిజి గీతల మధ్యనే నిజాం తన గుర్తును పెట్టించుకున్నాడు. సికందర్ జా రూపాయల మీద ఒక చిన్న ‘సీన్’ ఉంటుంది. నాసిరుద్దౌలా వచ్చాక ‘నూన్’, అఫ్జలుద్దౌలా వచ్చాక ‘అలిఫ్’. ఢిల్లీ పాదుషాకు పూర్తి గౌరవం, హైదరాబాద్ నవాబుకు ఒక అక్షరం. మర్యాద ఎక్కడా తప్పలేదు, నాణెం ఎవరిదో కూడా దాగలేదు. దక్కనీ లౌక్యానికి ఇంతకంటే చక్కని సాక్ష్యం నాకు కనబడదు.

1857లో ఢిల్లీ పడిపోయింది. చివరి పాదుషా బహదూర్‌షా జఫర్‌ను బ్రిటిష్ వాళ్లు రంగూన్‌కు పంపేశారు. ఇక ఎవరి పేరు వేయాలి? విక్టోరియా రాణి పేరు వేయడం హైదరాబాద్‌కు ఇష్టం లేదు, తన పూర్తి పేరు వేసుకోవడం నిజాంకు అలవాటు లేదు. దానికి దొరికిన ఉపాయం గడుసుది. వంశ బిరుదైన ‘నిజాముల్‌ముల్క్ ఆసఫ్‌జా బహదూర్’ నాణెం మీదికి వచ్చింది, దానిపైన 92 అనే అంకె కూర్చుంది. అక్షరాలకు అంకెలు కట్టే అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. కూడితే 92. ప్రవక్త ముహమ్మద్ పేరు అది. పాదుషా లేని చోట ప్రవక్త పేరు అంకెల్లో నిలిచింది.

షావుకార్ల రూపాయలు, సాలార్‌జంగ్ తాళం

టంకశాల ఒకటి ఉన్నంత మాత్రాన రూపాయి ఒకటే ఉందనుకోకూడదు. పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలో నిజాం రాజ్యంలో ఎన్ని రూపాయలు తిరిగేవో చెబితే ఈనాటి బ్యాంకు క్లర్కుకు కళ్లు తిరుగుతాయి. గద్వాల సంస్థానానికి ఒక రూపాయి, వనపర్తికి ఒకటి, నారాయణపేటకు ఒకటి. ఔరంగాబాద్‌లోనైతే పార్శీ వడ్డీ వ్యాపారి పేస్తన్‌జీ మెహర్‌జీ 1832 నుంచి 1842 వరకు టంకశాల నడిపించాడు. నిజాం సర్కారుకు అప్పులిచ్చిన కొట్టు ఆయనది. ఆ నాణేలకు జనం పెట్టిన పేరు ‘పేస్తన్‌షాహీ’. అప్పిచ్చినవాడే రూపాయి వేస్తే, ఆ రూపాయిలో వెండి ఎంతుండాలో ఎవరు చెప్పాలి?

ఒక్కో రూపాయిలో ఒక్కో వన్నె వెండి. పాలమూరు నుంచి పత్తి తెచ్చిన రైతు హైదరాబాద్‌లో రొక్కం తీసుకుంటే, ఆ నాణేలను ఊరికి పోయి చెల్లించాలంటే షరాబు దగ్గర వట్టం, అంటే మార్పిడి కోత, కట్టాల్సిందే. షరాబు రూపాయిని రాతి మీద మోగిస్తాడు, గీటురాయి మీద గీస్తాడు, తక్కెడలో వేస్తాడు, ఆపైన ఒక అణానో రెండణాలో కొట్టేస్తాడు. చార్‌కమాన్ వెండి కొట్ల వెనుక ఈ వట్టం వ్యాపారం చరిత్ర ఎంతో ఉంది.

1853లో పరిస్థితి ముదిరింది. కంపెనీ సైన్యానికి కట్టాల్సిన బాకీ కట్టలేక మే 21న నిజాం బీరార్‌ను బ్రిటిష్ వాళ్లకు అప్పగించే ఒప్పందం మీద సంతకం చేశాడు. పది రోజులకు ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు దివాన్ అయ్యాడు. ఆయనే మొదటి సాలార్‌జంగ్. ఖజానాలో పైసా లేదు, ఉన్న పైసా ఏ టంకశాలదో తెలియదు. ఆయన చేసిన పనుల్లో రైల్వే, బడి, జిల్లాల విభజన గురించి ఎక్కువ రాస్తారు. జిల్లాల్లోని టంకశాలలకు తాళం వేయించి రాజ్యానికంతా ఒకే రూపాయి పెట్టడం వాటన్నిటికంటే ముందు రావాల్సిన మాట అని నా అభిప్రాయం. శిస్తు ఏ నాణెంలో వసూలు చేయాలో తేలకుండా శిస్తు సంస్కరణ ఎలా నడుస్తుంది? అలా వచ్చిందే హాలీ సిక్కా, అంటే ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న నాణెం. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు నిన్నమొన్నటి దాకా ‘హాలీ రూపాయి’ అన్నది దాన్నే.

హుస్సేన్‌సాగర్‌కు అటువైపు

హాలీకి ఎదురుగా ఇంకో రూపాయి ఉండేది. బ్రిటిష్ వాళ్లది, మర మీద వేసింది, అంచు గుండ్రంగా తిరిగింది. దాన్ని ‘కల్దార్’ అనేవారు. కంటోన్మెంట్‌లో నడిచేది కల్దార్. ఆ కంటోన్మెంట్ ఊరి పేరు సికిందరాబాద్, సుల్తాన్‌షాహీలో టంకశాల పెట్టించిన సికందర్ జా పేరు మీద 1806లో పెట్టిన పేరు. తన పేరున్న ఊళ్లో తన రూపాయికి వట్టం కట్టాల్సి రావడం ఆయన వంశానికి తప్పలేదు.

ఆ వట్టం లెక్క స్థిరపడ్డాక ఇలా ఉండేది: నూరు కల్దార్ రూపాయలకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. చూడ్డానికి ఎవరో గుమాస్తా కక్షకొద్దీ పెట్టినట్టుంటుంది గానీ, దాని వెనుక ఉన్నది వెండి. కల్దార్ బరువు 11.66 గ్రాములు, అందులో వెండి నూటికి 91.7 పాళ్లు. హాలీ బరువు సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్లు. ఒకదానిలో 10.7 గ్రాముల వెండి, మరొకదానిలో 9.1 గ్రాములు. భాగించి చూడండి, ఇంచుమించు ఏడింటికి ఆరు వస్తుంది. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఎక్కాలు రాని కూరగాయల అమ్మకు కూడా ఈ లెక్క నోటికొచ్చేది.

సైఫాబాద్‌లో మరలు

సుత్తి దెబ్బ నాణేనికి దొంగ నాణెం చేయడం తేలిక. అంచు కత్తిరించి వెండి దొంగిలించడం మరీ తేలిక. అందుకే 1890ల్లో మర మీద వేసిన ‘చర్ఖీ’ రూపాయలు వచ్చాయి. పని పెరిగింది, పాతబస్తీ ఇరుకు సందుల్లో ఆవిరి యంత్రాలకు చోటు చాలలేదు. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో టంకశాల మూసీ దాటింది. 1903లో సైఫాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన కొత్త భవనంలో పని మొదలైంది. యంత్రాలు ఇంగ్లండ్‌ నుంచి వచ్చాయి.

సైఫాబాద్ అంటే ఒక కథ గుర్తొస్తుంది. అక్కడి రాజభవనానికి వెళుతుండగా ఉడుము ఎదురొచ్చిందని మహబూబ్ అలీ ఖాన్ ఆ భవనాన్నే వదిలేశాడట. అది తర్వాత సర్కారు కచేరీలకు వెళ్లింది. ఉడుము నిజమో కాదో గానీ, రాజు కాదన్న ఆ ప్రాంతమంతా క్రమంగా సర్కారు పరమైంది. ఇవాళ ‘మింట్ కాంపౌండ్’ అంటే సగం మంది హైదరాబాదీలకు గుర్తొచ్చేది కరెంటు బిల్లు. విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది మరి.

కొత్త మరలు రావడంతో నాణెం మీద బొమ్మ చెక్కే వీలు కలిగింది. అచ్చు, బిళ్ల ఒకే కొలతకు వచ్చాయి. అప్పుడే రూపాయి మీదికి చార్మినార్ ఎక్కింది, మీమ్ గుమ్మంలో నిలబడింది. బంగారు అష్రఫీ నుంచి పావలా, బేడల దాకా అదే బొమ్మ. చిన్న నాణేలు వేరే రకం: నలుచదరపు అణా, 1940ల్లో నడుమ చిల్లు పెట్టిన రెండు పైల బిళ్ల. లోహం మిగిల్చుకోవడానికి యుద్ధకాలంలో చిల్లు నాణేలు వేయడం చాలా దేశాల్లో ఉన్నదే. వెండి రూపాయిలకు కొక్కెం అతికించి మెళ్లో వేసుకోవడం మాత్రం తెలంగాణ అంతటా ఉండేది. లంబాడా ఆడవాళ్ల దుస్తుల మీద కుట్టిన నాణేల్లో చార్మినార్లు నేటికీ కనిపిస్తాయి.

మొదటి ప్రపంచయుద్ధంలో వెండి ధర పెరిగి రూపాయి వేయడం భారమైంది. 1918లో నిజాం సర్కారు నోట్లకు దిగింది. నోట్లు లండన్‌లో వాటర్లో కంపెనీ అచ్చేసింది. సొంత కాగితపు నోటు నడిపించిన పెద్ద సంస్థానం ఇదొక్కటే. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా ఉండేవి. కచేరీలో, కోర్టులో, పెద్ద చదువులో చోటు దొరకని తెలుగుకు రూపాయి నోటు మీద చోటు దొరికింది. 1942లో గన్‌ఫౌండ్రీలో మొదలైన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ‘ఉస్మానియా సిక్కా’ అనే ఆ నిజాం డబ్బు వ్యవహారాలు చూసుకుంది.

రెండు సర్కార్లు, రెండు రూపాయలు

1947 నవంబర్ 29న నిజాంకు, భారత ప్రభుత్వానికి మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. కొద్ది వారాల్లోనే నిజాం ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి బంగారం, వెండి వంటి విలువైన లోహాలు భారతదేశానికి పోకుండా ఆపేది. రెండోది భారత రూపాయి హైదరాబాద్‌లో చెల్లదనేది. రజాకార్ల గురించి, ఆయుధాల గురించి ఎంతో రాసుకున్నాం గానీ, ఢిల్లీకి కోపం తెప్పించిన తొలి కారణాల్లో ఈ నాణెం తగువు ఒకటి. ఖుత్బా, నాణెం అన్న పాత సూత్రమే మళ్లీ పైకొచ్చింది. 1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీసు చర్య 17తో ముగిసింది.

రాజ్యం ఐదు రోజుల్లో పోయింది, రూపాయి మాత్రం పదేళ్లు పోరాడింది. 1950లో సైఫాబాద్ టంకశాల కేంద్రం చేతికి వెళ్లింది. హాలీ సిక్కా ముద్రణ 1950ల తొలినాళ్లలో ఆగింది, చెల్లుబాటు 1959 దాకా సాగింది. మధ్యలో 1957 ఏప్రిల్ 1న దేశమంతటా అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. ఆ రెండేళ్లు ఊహించుకోండి. సంతలో ఒకామె ఒళ్లో హాలీ అణాలు, కల్దార్ అణాలు, కొత్త పైసలు కలిసి ఉండేవి. రూపాయికి 16 అణాలా, 100 పైసలా? ఏ రూపాయికి? పావలాకు 25 పైసలని ఎవరో చెబితే, హాలీ పావలాకా కల్దార్ పావలాకా అని అడగాల్సిన గతి దేశంలో ఇంకెక్కడా ఇంతగా పట్టలేదు.

కేంద్రం చేతిలోకి వెళ్లాక అక్షరం పోయి గుర్తు వచ్చింది. తొలినాళ్లలో చీలిన వజ్రం వంటి గుర్తులు వేసి, 1960ల నుంచి హైదరాబాద్ నాణేనికి ఐదు కోణాల నక్షత్రం పెట్టారు. మీ జేబులోని బిళ్ల తీసి సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే మన ఊరిది, వజ్రం ఉంటే ముంబైది, గుండ్రటి చుక్క ఉంటే నోయిడాది, ఏమీ లేకపోతే కోల్‌కతాది.

చిల్లర లేదు, చిల్లర ఎక్కువైంది

నాణెం భారత ప్రభుత్వానిది, రిజర్వ్ బ్యాంకు దాన్ని పంచేది మాత్రమే. ఎన్ని కావాలో బ్యాంకు చెప్పాలి, టంకశాలలు వేయాలి. ఈ రెండింటి మధ్య లెక్క ఎప్పుడూ కుదరలేదు. 1980ల్లో చిల్లర కరువు ఎంతగా వచ్చిందంటే బ్రిటన్, కెనడా, దక్షిణ కొరియా టంకశాలల్లో మన నాణేలు వేయించి ఓడల్లో తెప్పించారు. బస్సు కండక్టరు టికెట్ వెనక ‘యాభై పైసలు ఇవ్వాలి’ అని రాసిచ్చిన రోజులు, కిరాణా కొట్టులో చిల్లరకు బదులు చాక్లెట్ చేతిలో పెట్టిన రోజులు అవి. సైఫాబాద్ చాలక 1997లో చర్లపల్లి పారిశ్రామికవాడలో కొత్త టంకశాల మొదలైంది. 2006లో నాలుగు టంకశాలలనూ నోట్ల ప్రెస్సులతో కలిపి ఒక ప్రభుత్వ కార్పొరేషన్ కిందికి తెచ్చారు.

చర్లపల్లిలో వేసే మామూలు నాణేల్లో ఇప్పుడు వెండి లేదు. వాటిలో ఎక్కువ భాగం తుప్పుపట్టని ఉక్కు: 83 పాళ్లు ఇనుము, 17 పాళ్లు క్రోమియం. రేకు నుంచి బిళ్ల కోయడం, కొలిమిలో కాల్చి మెత్తబరచడం, ఆమ్లంలో కడిగి మెరుగు పెట్టడం, అంచు లేపడం, చివరికి అచ్చు వేయడం. సుల్తాన్‌షాహీలో మనిషి ఒక్క దెబ్బ వేసేంతలో ఈ మర పదుల దెబ్బలు వేస్తుంది. రాగి నికెల్ వదిలి ఉక్కుకు దిగడానికి కారణం ఒకటే: నాణెం విలువ కంటే లోహం విలువ ఎక్కువైతే జనం దాన్ని కరిగించి అమ్ముకుంటారు. ఉక్కుకు దిగినా లెక్క పూర్తిగా సర్దుకోలేదు. 2018లో ఒక సమాచార హక్కు జవాబు ప్రకారం రూపాయి బిళ్ల వేయడానికి రూపాయి 11 పైసలైంది. చారాణా కోడికి బారాణా మసాలా అన్నట్టు. పది రూపాయల బిళ్ల నయం, 5 రూపాయల 54 పైసలతో తయారైంది.

అదే 2018 జనవరిలో ఎదురు సంగతి జరిగింది. నోట్ల రద్దు తర్వాత గోదాములు నాణేలతో నిండిపోయి, రిజర్వ్ బ్యాంకు తీసుకెళ్లకపోవడంతో నాలుగు టంకశాలల్లోనూ ముద్రణ ఆపేశారు. చిల్లర లేక ఓడలెక్కించి తెచ్చిన దేశంలోనే చిల్లర పెట్టుకోవడానికి చోటు లేకపోయింది. ఫోన్‌తో టీ డబ్బులు కట్టే రోజులొచ్చాక ఆ చోటు సమస్య తగ్గేలా లేదు.

సైఫాబాద్ పాత భవనాన్ని 2022 జూన్‌లో మ్యూజియంగా తెరిచారు. పాత మరలు, అచ్చులు, త్రాసులు అక్కడ చూడవచ్చు. చార్మినార్ రూపాయి పుట్టిన చోటు అదే కాబట్టి, పాతబస్తీ చూడ్డానికి వచ్చే చుట్టాలను ఒక పూట ఇటు కూడా తీసుకురావడం మంచిది. లాడ్‌బజార్‌లో గాజులు బేరమాడే ముందు ఇక్కడికి వస్తే బేరం చేసే ఓపిక పెరుగుతుంది.

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఎన్టీఆర్ శతజయంతి నాణెం విడుదల చేశారు. నూరు రూపాయల బిళ్ల, 44 మిల్లీమీటర్ల వెడల్పు, సగం వెండి. వేసింది హైదరాబాద్ టంకశాలే. ఈ టంకశాల తొలి వందేళ్లలో నాణెం మీద పాలకుడు అక్షరం దాటి రాలేదు. ఇప్పుడు ఒక తెలుగు ముఖ్యమంత్రి ముఖం నిండుగా వచ్చింది. సైఫాబాద్, చర్లపల్లి కౌంటర్లలో అమ్మకానికి పెడితే ముఖవిలువకు ఎన్నో రెట్లు, వేల రూపాయలు పోసి జనం కొనుక్కుపోయారు. మామూలు పది రూపాయల బిళ్లకు మాత్రం ఆ ఆదరణ లేదు. అవి 14 రకాలున్నాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వ్ బ్యాంకు 2018లోనే ప్రకటించింది. అదే టంకశాల నుంచి, అదే నక్షత్రంతో వచ్చిన ఆ బిళ్లను మన ఊళ్లలో చాలా కొట్లవాళ్లు ఇప్పటికీ చేత్తో తోసేస్తున్నారు.